స్ట్రక్ట్, క్లాస్: హార్డ్‌వేర్ భాషలోకి రెండు దారుల్లో వచ్చిన రెండు భావనలు

పరిచయం

సిస్టమ్‌వెరిలాగ్ నేర్చుకోవడం మొదలుపెట్టిన విద్యార్థికి తొలి వారాల్లోనే ఒక సందేహం వస్తుంది. ఒకదానితో ఒకటి సంబంధం ఉన్న నాలుగైదు విలువలను ఒకే పేరు కింద చేర్చడానికి స్ట్రక్ట్ ఉంది. క్లాస్ కూడా అదే పని చేస్తుంది. మరి రెండూ ఎందుకు? చాలా పాఠ్యపుస్తకాలు ఈ ప్రశ్నకు రెండు నిలువు వరుసల పట్టిక గీసి ఊరుకుంటాయి. పట్టికలో ఉన్నది నిజమే. అయితే అది తేడాలను చెబుతుంది గాని, ఆ తేడాలు ఎందుకు వచ్చాయో చెప్పదు. కారణం తెలియకుండా కంఠస్థం చేసిన తేడా పరీక్ష హాలు గుమ్మం దాటేలోగానే చెదిరిపోతుంది. హైదరాబాద్, బెంగళూరు చిప్ కంపెనీల ఇంటర్వ్యూల్లో ఇదే ప్రశ్న ఎదురైనప్పుడు పట్టిక వల్లించినవారు రెండో అనుబంధ ప్రశ్నకే తడబడడానికి మూలం ఇక్కడే ఉంది.

సి++ ముందే తెలిసినవారికి చిక్కు ఇంకాస్త ఎక్కువ. ఆ భాషలో స్ట్రక్ట్‌కూ క్లాస్‌కూ ఉన్న తేడా దాదాపు నామమాత్రం. మనం ఏమీ చెప్పకపోతే స్ట్రక్ట్ సభ్యులు బయటివారికి కనిపిస్తాయి, క్లాస్ సభ్యులు కనిపించవు. ఆ అవగాహననే సిస్టమ్‌వెరిలాగ్‌లోకి మోసుకువస్తే అడుగడుగునా తప్పులు జరుగుతాయి. సిస్టమ్‌వెరిలాగ్ క్లాస్‌లో ఏమీ చెప్పకపోతే సభ్యులన్నీ బయటికి కనిపిస్తాయి. దాచాలంటే లోకల్ అనో, ప్రొటెక్టెడ్ అనో రాయాలి. అంటే అక్కడ ఉన్న ఆ ఒక్క తేడా ఇక్కడ లేదు. ఇక్కడ ఉన్న అసలు తేడాలు అక్కడ లేవు. కాబట్టి సి++ను కాసేపు పక్కన పెట్టి, ఈ రెండు భావనలు ఎక్కడ పుట్టి ఏ దారిన వచ్చాయో చూద్దాం.

రికార్డు నుంచి స్ట్రక్ట్ వరకు

స్ట్రక్ట్ వంశవృక్షం కంప్యూటర్ కంటే పాతది. 80 నిలువు వరుసలున్న పంచ్‌కార్డులో మొదటి కొన్ని వరుసలు పేరుకు, తర్వాతివి ఉద్యోగి సంఖ్యకు, ఆ తర్వాతివి జీతానికి అని కేటాయించుకునేవారు. ఏ వరుస నుంచి ఏ వరుస వరకు ఏ సమాచారం ఉందన్నదే అక్కడ ముఖ్యం. 1960లో నిర్దేశాలు వెలువడిన కోబాల్ భాష ఈ ఏర్పాటునే రికార్డు అనే పేరుతో ప్రోగ్రామింగ్‌లోకి తెచ్చింది. వాణిజ్య రంగంలో ఇది ఎంత సహజంగా కుదిరిందో చెప్పనక్కరలేదు. మన గుమాస్తాలు ఖాతా పుస్తకంలో గీసుకునే గడులే కదా ఇవి.

సి భాషకు స్ట్రక్ట్ రావడం వెనుక కథ మాత్రం తెలుసుకోదగ్గది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ 1972లో యునిక్స్ వ్యవస్థను అప్పటి తొలిరూపపు సి భాషలో తిరగరాయాలని ప్రయత్నించి విరమించుకున్నాడు. అప్పటికి ఆ భాషలో స్ట్రక్ట్ లేదు. డెనిస్ రిచీ దాన్ని చేర్చిన తర్వాత, 1973 వేసవిలో, యునిక్స్ కెర్నల్‌ను సి భాషలో తిరగరాయగలిగారు. ఫైళ్లు, ప్రాసెస్‌లు, పరికరాల వివరాలు పట్టికలుగా ఉండే వ్యవస్థను రాయాలంటే భిన్నరకాల విలువలను ఒకచోట కట్టే మూట కావాలి మరి.

ఆ మూట చాలా సాదాసీదాది. 1978లో కెర్నిగన్, రిచీ పుస్తకం వచ్చేనాటికి ఒక స్ట్రక్ట్‌ను మొత్తంగా మరొకదానికి కేటాయించే వీలు కూడా లేదు. ఆ సౌకర్యం తర్వాత వచ్చింది. వచ్చాక దాని అర్థం మాత్రం ఎవరికీ సందేహం కలిగించలేదు. ఒకదాన్ని మరొకదానికి కేటాయిస్తే లోపలి విలువలన్నీ నకలు అవుతాయి. ఆపై రెండూ వేర్వేరు.

సిమ్యులేషన్ కోసం పుట్టిన క్లాస్

క్లాస్ పుట్టిన ఊరు వేరు, అవసరం వేరు. ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలే-యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ 1960ల తొలినాళ్లలో సిమ్యులా అనే భాష మీద పనిచేస్తున్నారు. పేరులోనే ఉన్నట్టు అది సిమ్యులేషన్ కోసం, అంటే వాస్తవ వ్యవస్థల ప్రవర్తనను కంప్యూటర్‌లో అనుకరించడం కోసం తయారైన భాష.

ఇక్కడొక చిక్కుంది. కౌంటర్ దగ్గర బారులు తీరిన మనుషులను అనుకరించాలంటే ఎంతమంది వస్తారో ముందుగా తెలియదు. ప్రోగ్రామ్ నడుస్తుండగానే కొత్తవారు రావాలి, పని అయినవారు వెళ్లిపోవాలి. ఒక్కొక్కరికీ తమ సమాచారంతోపాటు తమ ప్రవర్తన కూడా ఉండాలి. పైగా ఒకే మనిషి ఒక చోట క్యూలో, మరొక చోట ఏదో జాబితాలో ఉండవచ్చు. రెండు చోట్లా కనిపించేది ఆ ఒక్క మనిషే కావాలి, అతని నకలు కాకూడదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1965లో, టోనీ హోర్ రికార్డుల గురించి రాస్తూ, అవసరమైనప్పుడు సృష్టించి, సూచిక ద్వారా చేరుకునే రికార్డుల సమూహాన్ని రికార్డ్ క్లాస్ అన్నాడు. డాల్, నీగార్డ్ ఆ ఆలోచనను అందుకుని, దానికి ప్రవర్తననూ వారసత్వాన్నీ జోడించారు. 1967 నాటి సిమ్యులాలో న్యూ అనే మాటతో ఆబ్జెక్టును సృష్టించేవారు. దాన్ని చేరుకునేది రెఫ్ అనే సూచిక ద్వారానే. వాడకం ముగిసిన ఆబ్జెక్టుల మెమరీని భాషే తిరిగి సేకరించుకునేది.

ఈ మూడు లక్షణాలనూ గుర్తుపెట్టుకోండి. ఇంచుమించు ఇదే రూపంలో అవి మనకు సిస్టమ్‌వెరిలాగ్‌లో మళ్లీ కనిపిస్తాయి. మధ్యలో బ్యార్నె స్ట్రౌస్ట్రప్ 1979లో సిమ్యులా భావాలను సి భాషకు కలిపే పని చేపట్టాడు. అది 1983లో సి++ అనే పేరు పొందింది. పాత సి ప్రోగ్రామ్‌లు చెడకుండా ఉండాలి కాబట్టి అతను స్ట్రక్ట్‌నే పెంచి పెద్దచేసి క్లాస్‌తో సమానం చేశాడు. అందువల్ల సి++లో ఆ గీత చెరిగిపోయింది. నా దృష్టిలో అది సి++ చరిత్రకు సంబంధించిన ప్రత్యేక పరిస్థితే గాని, రెండు భావనల స్వభావం కాదు.

వెరిలాగ్‌లో లోటు

ఇక హార్డ్‌వేర్ వైపు వద్దాం. 1980లలో సర్క్యూట్లను బొమ్మలుగా గీయడం మాని అక్షరాలలో వర్ణించే భాషలు రెండు బలంగా నిలబడ్డాయి. అమెరికా రక్షణశాఖ అవసరాల కోసం తయారై 1987లో ఐఈఈఈ ప్రమాణంగా వెలువడిన వీహెచ్‌డీఎల్ ఒకటి. గేట్‌వే డిజైన్ ఆటోమేషన్ అనే చిన్న కంపెనీలో ఫిల్ మూర్బీ, ప్రభు గోయెల్ 1983-84 ప్రాంతంలో రూపొందించిన వెరిలాగ్ రెండోది. వీహెచ్‌డీఎల్‌కు ఏడా భాష నుంచి రికార్డు మొదటి నుంచీ సంక్రమించింది. వెరిలాగ్‌కు అటువంటిదేమీ లేదు. దాని సామగ్రి తీగలు, రిజిస్టర్లు, బిట్ల వరుసలు. 1995లో ఐఈఈఈ 1364 ప్రమాణం అయినప్పుడూ, 2001లో సవరించినప్పుడూ స్ట్రక్ట్ రాలేదు.

ఈ లోటు ఎంత బాధించేదో ఒక ఉదాహరణతో చూడండి. ఒక ప్యాకెట్‌లో 8 బిట్ల చిరునామా, 32 బిట్ల డేటా, 1 పారిటీ బిట్ ఉన్నాయనుకుందాం. మొత్తం 41 బిట్లు. వెరిలాగ్ ఇంజనీరు దీన్ని 41 బిట్ల ఒకే వరుసగా ప్రకటించి, 40 నుంచి 33 వరకు చిరునామా, 32 నుంచి 1 వరకు డేటా, 0వది పారిటీ అని లెక్క కట్టుకునేవాడు. ఆ అంకెలను డిఫైన్ మాటలతో ఒక ఫైల్‌లో రాసుకునేవాడు. కొన్నాళ్లకు డేటాకూ పారిటీకీ మధ్య 4 బిట్ల ప్రాధాన్య సంఖ్య చేర్చాలని నిర్ణయం వస్తుంది. ఇప్పుడు డేటా 36 నుంచి 5 వరకు, చిరునామా 44 నుంచి 37 వరకు జరగాలి. ఎక్కడో ఒక ఫైల్‌లో ఎవరో నేరుగా 40, 33 అని రాసి ఉంటే కంపైలర్ నోరు మెదపదు. తప్పుడు బిట్లు చిరునామాగా చెలామణి అవుతాయి. చూశారా, ఇది అచ్చంగా పంచ్‌కార్డు వరుసల సమస్యే. వాణిజ్య ప్రోగ్రామర్లు 1960లో దాటివచ్చిన కాలువను హార్డ్‌వేర్ ఇంజనీర్లు 2000 సంవత్సరం దాకా దాటలేదు!

1994 తర్వాత

ఈలోగా మరో వైపు నుంచి ఒత్తిడి పెరిగింది. 1994లో అమెరికాలోని లించ్‌బర్గ్ కళాశాల గణిత ఆచార్యుడు థామస్ నైస్లీ, ఇంటెల్ పెంటియం ప్రాసెసర్ కొన్ని భాగహారాలు తప్పుగా చేస్తోందని గమనించాడు. భాగహారానికి వాడే పట్టికలో ఐదు గడులు ఖాళీగా మిగిలిపోవడమే కారణం. ఆ తప్పు సరిదిద్దడానికి ఇంటెల్ 47 కోట్ల 50 లక్షల డాలర్లు లెక్కలో రాసుకోవలసి వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొర్లితే కొత్త ప్రతి పంపవచ్చు. సిలికాన్‌లో అచ్చయిన తప్పును ఏం చేస్తారు?

చిప్‌లు పెరిగేకొద్దీ ఇంజనీరు చేత్తో రాసిన పరీక్షలు సరిపోవని తేలిపోయింది. యాదృచ్ఛికంగా, కాని కొన్ని నియమాలకు లోబడి, వేలాది ప్యాకెట్లను పుట్టించి చిప్ మీదికి వదలాలి. ఎన్ని పుడతాయో ముందు తెలియదు. ఒక్కొక్కటి కొంతసేపు బతికి, సరిచూసే భాగం చేతిలో పడి, కనుమరుగవుతుంది. సిమ్యులా రోజుల నాటి కౌంటర్ ముందరి మనుషులు గుర్తొస్తున్నారా? అవసరం అదే కాబట్టి పరిష్కారమూ అదే అయింది. ఇజ్రాయెల్‌లో యోవ్ హోలాండర్ రూపొందించిన ఇ భాషను వెరిసిటీ కంపెనీ ఈ పనికోసమే మార్కెట్లోకి తెచ్చింది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో మొదలై 1998లో సినాప్సిస్ చేతికి వచ్చిన వెరా భాష లక్ష్యం కూడా ఇదే.

ఇక్కడొక విచిత్రం చెప్పాలి. ఇ భాషలో స్ట్రక్ట్ అనే మాట ఉంది. కాని దానికి పద్ధతులున్నాయి, వారసత్వం ఉంది, అది నడుస్తుండగా పుడుతుంది, సూచిక ద్వారానే అందుతుంది. అంటే పేరు స్ట్రక్ట్, ప్రాణం క్లాస్. పేరు చూసి భావనను అంచనా వేయకూడదని విద్యార్థులకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

రెండు విరాళాలు, ఒక ప్రమాణం

సిస్టమ్‌వెరిలాగ్ ఒకరు కూర్చుని రాసిన భాష కాదు. పీటర్ ఫ్లేక్, సైమన్ డేవిడ్‌మన్ నెలకొల్పిన కో-డిజైన్ ఆటోమేషన్ అనే సంస్థ సూపర్‌లాగ్ అనే భాషను తయారుచేసింది. వెరిలాగ్ కర్త మూర్బీ కూడా తర్వాత అందులో చేరాడు. వెరిలాగ్‌కు సి భాషలోని సౌకర్యాలు కలిపితే ఎలా ఉంటుందో అదే సూపర్‌లాగ్. అందులో సింథసిస్‌కు పనికివచ్చే భాగాన్ని ఆ సంస్థ అక్సెలరా అనే ప్రమాణాల సంఘానికి విరాళంగా ఇచ్చింది. 2002 జూన్‌లో వెలువడిన సిస్టమ్‌వెరిలాగ్ 3.0కు అదే పునాది. స్ట్రక్ట్, యూనియన్, ఇన్యూమ్, టైప్‌డెఫ్ అప్పుడు వచ్చాయి. ఆ ప్రతిలో క్లాస్ లేదు.

అదే 2002లో సినాప్సిస్ సంస్థ వెరా భాషలోని భాగాలను అక్సెలరాకు ఇచ్చింది. 2003లో వచ్చిన 3.1 ప్రతిలో క్లాస్ అడుగుపెట్టింది. 2005లో ఐఈఈఈ 1800 ప్రమాణంగా ఆమోదం పొందేనాటికి రెండూ ఒకే గ్రంథంలో ఉన్నాయి. 2009లో పాత వెరిలాగ్ ప్రమాణం కూడా అందులో కలిసిపోయింది. డాల్, నీగార్డ్‌లు ఇద్దరూ 2001 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం పొంది, 2002లోనే కొద్ది వారాల తేడాలో కన్నుమూశారు. తమ భావన చిప్‌ల తయారీలోకి ప్రవేశించే ఘడియకు సరిగ్గా ముందు.

ఈ తేదీల వరుసే మన ప్రశ్నకు సగం జవాబు. స్ట్రక్ట్ డిజైన్ వారి విరాళంలో వచ్చింది, క్లాస్ వెరిఫికేషన్ వారి విరాళంలో వచ్చింది. ఒకే కుటుంబంలో పుట్టిన అన్నదమ్ములు కారు ఇవి. పెళ్లి సంబంధంతో ఒక ఇంట చేరినవి.

విలువ, హ్యాండిల్

ఇప్పుడు తేడాల సంగతి. ఇంటి పన్ను రసీదుకు జిరాక్స్ తీయించారనుకోండి. జిరాక్స్ మీద ఏదైనా రాస్తే అసలు రసీదు మారదు. స్ట్రక్ట్ కేటాయింపు అటువంటిది. ఇంటి తాళంచెవికి నకలు చేయించారనుకోండి. చెవులు రెండయ్యాయి, ఇల్లు ఒక్కటే. ఒకరు లోపలికి వెళ్లి మంచం జరిపితే రెండోవారికీ జరిగిన మంచమే కనిపిస్తుంది. క్లాస్ చరరాశి కేటాయింపు ఇటువంటిది. ఆ తాళంచెవినే ప్రమాణ గ్రంథం హ్యాండిల్ అంటుంది.

మాడ్యూల్‌లో ఒక స్ట్రక్ట్ చరరాశిని ప్రకటిస్తే దాని నిల్వస్థలం అప్పుడే ఏర్పడుతుంది. ఆటోమేటిక్ టాస్క్‌లో ప్రకటిస్తే టాస్క్‌ను పిలిచిన ప్రతిసారీ ఏర్పడుతుంది. క్లాస్ చరరాశిని ప్రకటిస్తే ఏర్పడేది చెవి వేలాడదీసే మేకు మాత్రమే. ఇల్లు లేదు, చెవీ లేదు. ఆ స్థితికి నల్ అని పేరు. న్యూ అని పిలిచినప్పుడే ఆబ్జెక్టు పుడుతుంది. కొత్తవారి ప్రోగ్రామ్ నల్ హ్యాండిల్ దోషంతో ఆగిపోవడం ఈ న్యూ మరిచినందువల్లనే.

ఆగిపోయే ప్రోగ్రామ్‌తో ప్రమాదం లేదు, ఎక్కడ తప్పుందో అదే చెబుతుంది. ఆగకుండా నడిచే తప్పుతోనే భయం. లూప్‌కు బయట ఒక్కసారి న్యూ అని పిలిచి, లూప్‌లో పదిసార్లు విలువలు మార్చి, పదిసార్లు క్యూలో వేశారనుకోండి. క్యూలో పది ప్యాకెట్లున్నాయని లెక్క చెబుతుంది. నిజానికి ఉన్నది ఒకే ప్యాకెట్, దానికి పది చెవులు. పదింటిలోనూ చివరి విలువలే కనిపిస్తాయి. ఇదే స్ట్రక్ట్ అయితే వేసిన ప్రతిసారీ నకలు అయ్యేది, పది విలువలూ నిలిచేవి. ఇంకో అడుగు ముందుకు వెళ్దాం. చిప్‌కు పంపే భాగానికీ, ఫలితాన్ని సరిచూసే భాగానికీ ఒకే హ్యాండిల్ ఇచ్చి, చిప్ నుంచి వచ్చిన ఫలితాన్ని కూడా ఆ ఆబ్జెక్టులోనే రాస్తే, సరిచూసే భాగం దాన్ని దానితోనే పోల్చుకుంటుంది. అటువంటి పరీక్ష ఎన్నటికీ విఫలం కాదు. చిప్‌లో తప్పు ఉన్నా, లేకున్నా ఉత్తీర్ణమే. పెంటియం ఉదంతం చదివిన తర్వాత, ఎప్పుడూ విఫలం కాని పరీక్షను చూసి సంతోషించాలో భయపడాలో మీకే తెలుస్తుంది.

సరిసమానమా అని అడిగినప్పుడు కూడా ఇదే గీత. స్ట్రక్ట్‌లను పోలిస్తే లోపలి విలువలు సమానమా అన్నది తేలుతుంది. హ్యాండిల్‌లను పోలిస్తే రెండూ ఒకే ఆబ్జెక్టువా అన్నది మాత్రమే తేలుతుంది. క్లాస్‌కు నిజమైన నకలు కావాలంటే న్యూ పక్కన పాత హ్యాండిల్ పేరు రాయవచ్చు. అయితే ఆ ఆబ్జెక్టులో మరో ఆబ్జెక్టు హ్యాండిల్ ఉంటే నకలయ్యేది ఆ చెవి మాత్రమే, లోపలి ఇల్లు కాదు. అందుకే అనుభవజ్ఞులు నకలు పద్ధతిని తామే రాసుకుంటారు.

స్ట్రక్ట్‌లో ప్యాక్‌డ్ అనే రకం హార్డ్‌వేర్ మనస్తత్వానికి అద్దం. అందులో సభ్యులు సందులు లేకుండా వరుసగా పేరుస్తారు; మొదట ప్రకటించినది ఎక్కువ విలువగల బిట్ల వైపు ఉంటుంది. మన 41 బిట్ల ప్యాకెట్ ఇప్పుడు ఒకేసారి పేర్లున్న మూటా అవుతుంది, 41 బిట్ల వరుసా అవుతుంది. మధ్యలో 4 బిట్లు చేరిస్తే అంకెలన్నీ కంపైలరే జరుపుకుంటుంది. ఒకే వెడల్పున్న రెండు ప్యాక్‌డ్ స్ట్రక్ట్‌లు లోపలి ఏర్పాటు వేరైనా ఒకదానికొకటి కేటాయించుకోవచ్చు, ఎందుకంటే తీగకు పేర్లతో పనిలేదు. క్లాస్‌ల విషయంలో ఈ ఉదారత లేదు. వారసత్వ సంబంధం లేని క్లాస్ హ్యాండిల్‌ను మరొకదానికి ఇవ్వబోతే భాష ఒప్పుకోదు. బిడ్డ హ్యాండిల్‌ను తల్లి చరరాశిలో ఉంచవచ్చు. తిరుగు ప్రయాణానికి డాలర్ కాస్ట్ అనే తనిఖీ కావాలి. సి భాష పాయింటర్‌లా హ్యాండిల్‌కు ఒకటి కలిపి పక్క ఇంట్లోకి తొంగిచూడడం కుదరదు.

స్ట్రక్ట్‌లో పద్ధతులు రాయడానికి వీలులేదు, వారసత్వం లేదు. క్లాస్‌లో అవి ఉండడమే గాక, సభ్యులకు ర్యాండ్ అని గుర్తు పెట్టి, నియమాలు రాసి, ర్యాండమైజ్ అని పిలిస్తే ఆ నియమాలకు లోబడిన యాదృచ్ఛిక విలువలు వస్తాయి. వెరిఫికేషన్ వారు క్లాస్‌ను కోరుకున్నది ముఖ్యంగా దీనికోసమే.

సిలికాన్‌లోకి వెళ్లేది, వెళ్లనిది

స్ట్రక్ట్‌ను సింథసిస్ సాధనం తీగలుగా, ఫ్లిప్‌ఫ్లాప్‌లుగా మార్చగలదు, ఎందుకంటే దాని పరిమాణం ముందే తెలుసు. ఆబ్జెక్టులు ఎన్ని పుడతాయో ముందు తెలియదు. చిప్ నడుస్తుండగా కొత్త ఫ్లిప్‌ఫ్లాప్‌లు మొలవవు, పాతవి మాయం కావు. కాబట్టి ఆబ్జెక్టులు సిమ్యులేటర్ నడిచే కంప్యూటర్ మెమరీలోనే జీవిస్తాయి, అక్కడే అంతమవుతాయి. సిమ్యులేషన్ కోసం ఓస్లోలో పుట్టిన భావన ఇక్కడా సిమ్యులేషన్‌కే పరిమితమైంది. స్టాటిక్ ఫంక్షన్లను మాత్రమే దాచుకున్న క్లాస్‌లను కొన్ని సింథసిస్ సాధనాలు అంగీకరిస్తాయి. అక్కడ ఆబ్జెక్టు ఏదీ పుట్టదు కాబట్టి అది నియమానికి అపవాదం కాదు.

అందుకే ఆచరణలో పని పంచుకున్నారు. డిజైన్ ఫైళ్లలో స్ట్రక్ట్, పరీక్షా సామగ్రిలో క్లాస్. 2011లో అక్సెలరా వెలువరించిన యూవీఎమ్ 1.0 గ్రంథాలయం దాదాపుగా క్లాస్‌ల మీదే నిలబడింది. అది 2017లో ఐఈఈఈ 1800.2 అయింది. భాషలో కూడా క్లాస్ వైపు ఎదుగుదల ఆగలేదు. 2012 ప్రతిలో ఇంటర్‌ఫేస్ క్లాస్ చేరి, ఒక క్లాస్ పలు ఒప్పందాలను నెరవేర్చే వీలు కలిగింది. వీహెచ్‌డీఎల్ మాత్రం వేరే దారి పట్టింది. రికార్డు మొదటినుంచీ ఉన్న ఆ భాష 2000లో ప్రొటెక్టెడ్ టైప్ అనే భావనతో డేటానూ దాని పద్ధతులనూ కలిపింది గాని, వారసత్వమున్న క్లాస్‌ను 2019 ప్రతి వరకు కూడా తనలోకి తెచ్చుకోలేదు.